గుర్రపు ట్రెయిలర్ విద్యుత్ బ్రేకులు: లోపం ఎక్కడుందో కనుగొనే క్రమం

అమెరికా గ్రామీణ ప్రాంతాలలో గుర్రాన్ని పశువైద్యశాలకో, పోటీలకో, వేరొక పచ్చిక క్షేత్రానికో తరలించవలసి వచ్చినప్పుడు యజమానులు సాధారణంగా అద్దె లారీ కోసం ఎదురుచూడరు. సొంత పికప్ వాహనం వెనుక రెండు గుర్రాలు పట్టే ట్రెయిలర్‌ను తగిలించుకొని స్వయంగా నడుపుకొంటూ బయలుదేరుతారు. ఆ ట్రెయిలర్ చక్రాలకు విడిగా బ్రేకులు ఉంటాయి. వాటిని పనిచేయించేది గాలి కాదు, నూనె కాదు. పికప్ నుంచి ఒకే ఒక తీగ ద్వారా వెనుకకు పోయే విద్యుత్తు. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో ఏర్పడిన అక్కడి సహకార విస్తరణ వ్యవస్థ, దాని యువజన విభాగమైన ఫోర్-హెచ్ గుర్రాల పెంపకానికి గట్టి అండగా నిలుస్తాయి. అందువల్ల ట్రెయిలర్ భద్రత కూడా అక్కడి విస్తరణ సిబ్బంది బోధించవలసిన అంశాలలో ఒకటిగా మారింది.

ఈ బ్రేకుల గురించి వచ్చే ఫిర్యాదు ఇంచుమించు ఎప్పుడూ ఒకే మాటలో ఉంటుంది: ‘పెడల్ తొక్కితే వెనుక నుంచి తోస్తోంది’. దానికి యజమాని ముందుగా చేసే పని కూడా ఒకటే. డ్రైవరు ముందున్న బ్రేకు కంట్రోలర్‌ను మార్చివేస్తాడు. ఖరీదైన పరికరం మారిన తరువాత కూడా ట్రెయిలర్ వెనుక నుంచి తోస్తూనే ఉంటుంది. కంట్రోలర్ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది, దానిపై అంకెలు వెలుగుతాయి కాబట్టి అనుమానం దానిమీదికే పోతుంది. అసలు లోపం మాత్రం గుర్రపు మూత్రం చేరే చెక్క నేల అడుగున, చిలుము పట్టిన ఒక జాయింటులో దాగి ఉండవచ్చు.

బ్రేకు లేని బరువు

ఖాళీగా ఉన్న రెండు గుర్రాల ట్రెయిలర్ సుమారు 1,100 నుంచి 1,600 కిలోలు తూగుతుంది. ఒక్కొక్క స్వారీ గుర్రం 450 నుంచి 550 కిలోల వరకు ఉంటుంది. గడ్డి, నీళ్లు, జీను సామగ్రి కలుపుకొంటే మొత్తం బరువు 2,500 కిలోలకు చేరడం వింత కాదు. లాగే పికప్ బరువు కూడా దాదాపు అంతే. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో, అంటే సెకనుకు 25 మీటర్ల వేగంలో, ఆ ట్రెయిలర్‌లో నిల్వ ఉండే గతిశక్తి సుమారు 7.8 లక్షల జౌళ్లు. బండి ఆగాలంటే అదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారక తప్పదు.

పికప్ ఒక్కటే సెకనుకు సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకోగలదనుకుంటే అది 45 మీటర్లలో ఆగుతుంది. అంతే బరువున్న ట్రెయిలర్ బ్రేకులు లేకుండా వెనుక ఉంటే, అదే బ్రేకు బలం రెండింతల బరువును ఆపవలసి వస్తుంది. ఆగే దూరం 89 మీటర్లకు పెరుగుతుంది. ఇది స్థూలమైన లెక్కే. టైర్ల పట్టు, రోడ్డు వాలు, కొక్కెంపై పడే బరువు ఇందులో లేవు. అయినా డ్రైవరు మలుపులో పెడల్ తొక్కినప్పుడు ఏమి జరుగుతుందో ఊహించడానికి ఈ లెక్క చాలు. వెనుక బరువు కొక్కెం మీదుగా పికప్ తోకను పక్కకు తోస్తుంది. రెండు వాహనాలు కత్తెరలా ముడుచుకుంటాయి.

ఈ ప్రమాదాన్ని చట్టం కూడా గుర్తించింది. వాణిజ్య వాహనాలకు వర్తించే అమెరికా ఫెడరల్ నియమాల ప్రకారం 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు మించిన ట్రెయిలర్‌కు బ్రేకులు తప్పనిసరి. కొక్కెం ఊడి ట్రెయిలర్ విడిపోతే దాని బ్రేకులు వాటంతట అవే పడాలి, కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలి. సొంత అవసరాలకు వాడే ట్రెయిలర్లకు రాష్ట్రాల చట్టాలు వేర్వేరు బరువు పరిమితులు పెట్టాయి. ఐరోపాలో 3,500 కిలోల వరకు ఉన్న ట్రెయిలర్లకు వేరే పద్ధతి వాడుకలో ఉంది. అక్కడ ట్రెయిలర్ ముందుకు తోసే ఒత్తిడే కొక్కెం దగ్గరి కడ్డీని నొక్కి బ్రేకును లాగుతుంది. అందులో విద్యుత్తు పాత్ర లేదు గనుక ఈ వ్యాసంలోని పరీక్షలు దానికి వర్తించవు.

అయస్కాంతం చేసే పని

విద్యుత్ బ్రేకు వయస్సు వంద సంవత్సరాలకు దగ్గరగా ఉంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని బెలాయిట్ పట్టణానికి చెందిన ఆర్థర్ ప్రాట్ వార్నర్ 1920ల చివరిలో దీనిని వ్యాపార స్థాయికి తెచ్చాడు. మూల సూత్రం నేటికీ మారలేదు. డ్రమ్ము లోపల చక్రంతో పాటు తిరగని ఒక పలక ఉంటుంది. దానికి రెండు బ్రేకు షూలు, ఒక లివరు, లివరు చివర ఒక విద్యుదయస్కాంతం అమర్చి ఉంటాయి. విద్యుత్తు ప్రవహించగానే అయస్కాంతం తిరుగుతున్న డ్రమ్ము లోపలి ముఖాన్ని అంటుకుంటుంది. డ్రమ్ము దానిని తనతో పాటు కొంత దూరం ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పు లివరును తిప్పుతుంది. లివరు షూలను విడదీసి డ్రమ్ముకు ఒత్తుతుంది.

దీనిలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, షూలను ఒత్తే బలం అయస్కాంతానిది కాదు, తిరిగే చక్రానిదే. అయస్కాంతం కేవలం పట్టుకుంటుంది. కాబట్టి నిలిచి ఉన్న ట్రెయిలర్‌లో విద్యుత్తు పంపితే సన్నని గుయ్యిమనే శబ్దం వినబడుతుందే తప్ప షూలు కదలవు. ‘శబ్దం వస్తోంది, బ్రేకు బాగానే ఉంది’ అనే నిర్ణయం అందుకే నమ్మదగినది కాదు. రెండవది, పట్టు బలం ప్రవాహంపై ఆధారపడి ఉంటుంది. ప్రవాహం సగమైతే పట్టు బాగా సడలుతుంది. ఎక్కడా తీగ తెగదు, ఫ్యూజు పోదు, దీపం ఆరదు. బ్రేకు మాత్రం నీరసిస్తుంది.

10 అంగుళాలు, 12 అంగుళాల డ్రమ్ములలో వాడే అయస్కాంతపు కాయిల్ నిరోధం సుమారు 3.2 ఓములు. 12 వోల్టుల వద్ద లెక్క ప్రకారం 3.75 ఆంపియర్లు ప్రవహించాలి. తీగలలో కొంత పోవడం వల్ల, వేడెక్కిన కాయిల్ నిరోధం పెరగడం వల్ల ఆచరణలో ఒక్కొక్కదానికి 3 ఆంపియర్లు ప్రమాణంగా తీసుకుంటారు. రెండు ఇరుసులు, నాలుగు బ్రేకులు ఉన్న ట్రెయిలర్‌కు అది 12 ఆంపియర్లు. తనిఖీ మొత్తానికి ఇదే కొలమానం.

వోల్టులు ఉన్నా బ్రేకు లేకపోవడం

తెలుగు రాష్ట్రాలలో బోరుబావి మోటారు చూసిన విస్తరణ శాస్త్రవేత్తకు ఈ భాగం కొత్తగా అనిపించదు. మోటారు ఆపి ఉన్నప్పుడు స్టార్టరు వద్ద వోల్టేజి నిండుగా కనిపిస్తుంది. స్విచ్ వేయగానే పడిపోతుంది. సన్నని సర్వీసు తీగ, వదులైన జాయింటు భారం పడేదాకా బయటపడవు. ట్రెయిలర్ బ్రేకులోనూ జరిగేది అదే. తేడా అల్లా వోల్టులు తక్కువ, ప్రవాహం ఎక్కువ కావడం. 12 వోల్టుల వ్యవస్థలో ఒక్క ఓము నిరోధం కూడా పెద్ద దొంగ.

నాలుగు అయస్కాంతాలు సమాంతరంగా ఉంటే వాటి ఉమ్మడి నిరోధం 0.8 ఓము. దారిలో ఒక జాయింటు చిలుము పట్టి 1 ఓము నిరోధం కలిగించిందనుకుందాం. తీగల నిరోధాన్ని పక్కనబెడితే 12.6 వోల్టుల బ్యాటరీ నుంచి ప్రవహించేది 12.6ను 1.8తో భాగించగా వచ్చే 7 ఆంపియర్లు మాత్రమే. అయస్కాంతాలకు చేరేది 5.6 వోల్టులు. మిగిలిన 7 వోల్టులు జాయింటులోనే వేడిగా ఖర్చవుతాయి. దాదాపు 49 వాట్ల వేడి. ఆ జాయింటును ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ఇప్పుడు అదే జాయింటు తరువాత అయస్కాంతాల తీగను విప్పి, మల్టీమీటరు సూదులు పెట్టి చూస్తే ఏమి కనిపిస్తుంది? నిండుగా 12.6 వోల్టులు. మల్టీమీటరు తనలోకి తీసుకునే ప్రవాహం లెక్కలోకి రానంత తక్కువ కావడంతో జాయింటులో వోల్టేజి పతనం ఉండదు. ‘చివరిదాకా కరెంటు వస్తోంది’ అని తీర్మానించిన యజమాని ఆ తరువాత కంట్రోలర్‌ను, అయస్కాంతాలను, ఆఖరుకు డ్రమ్ములను కూడా మార్చుకుంటూ పోతాడు. భారం లేకుండా కొలిచిన వోల్టేజి ఈ బ్రేకుల విషయంలో సాక్ష్యంగా పనికిరాదు. భారం ఉన్నప్పుడు కొలిచిన వోల్టేజి, దానికంటె మేలుగా కొలిచిన ప్రవాహం, ఈ రెండే నమ్మదగినవి.

తీగ మందం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. పికప్ బ్యాటరీ నుంచి వెనుక ఇరుసు వరకు 10 మీటర్లు, తిరుగు దారి మరో 10 మీటర్లు అనుకుంటే, 16 గేజి రాగి తీగలో నిరోధం సుమారు 0.26 ఓము. నాలుగు బ్రేకుల ప్రవాహానికి అది 3 వోల్టులకు పైగా మింగివేస్తుంది. 12 గేజి తీగ అయితే పతనం 1.5 వోల్టు లోపే ఉంటుంది. పాత ట్రెయిలర్‌కు దీపాల కోసం వేసిన సన్నని తీగనే బ్రేకులకూ పొడిగించిన సందర్భాలలో ఎంత శుభ్రం చేసినా బ్రేకు బలపడదు. అక్కడ తీగ మార్చడమే చికిత్స.

సగానికి విడగొట్టడం

తనిఖీ మొదలుపెట్టే ముందు గుర్రాలను దింపివేయాలి, చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టాలి. గుర్రం లోపల ఉండగా ట్రెయిలర్ కిందికి దూరడం ఎవరికీ తగదు.

మొదటి ప్రశ్నకు పరికరాలేవీ అక్కరలేదు. కంట్రోలర్‌పై చేతితో నొక్కే మీట ఉంటుంది. నెమ్మదిగా పోతూ పెడల్‌ను ముట్టకుండా ఆ మీట మాత్రమే నొక్కి చూడాలి. మీటతో బ్రేకు పడి, పెడల్‌తో పడకపోతే వెనుక తీగలన్నీ నిర్దోషులే. పెడల్ దగ్గరి దీపపు స్విచ్ నుంచి కంట్రోలర్‌కు సంకేతం రావడం లేదన్నమాట. రెండింటితోనూ పడకపోతే వెదకవలసిన దారి పొడవైనది. దానిని సగానికి విడగొట్టుకోవాలి.

విడగొట్టే చోటు ఏడు పిన్నుల ప్లగ్గు. అమెరికాలో వాడుకలో ఉన్న అమరికలో నీలి తీగ బ్రేకుకు, తెల్లది తిరుగు దారికి, నల్లది బ్యాటరీ ఛార్జికి, గోధుమ రంగుది వెనుక దీపాలకు, పసుపు ఎడమ మలుపు దీపానికి, ఆకుపచ్చ కుడి మలుపు దీపానికి కేటాయించారు. పలుమార్లు చేతులు మారి మరమ్మతులు పొందిన ట్రెయిలర్‌లో రంగును నమ్మరాదు. పిన్ను స్థానాన్నే చూడాలి.

ప్లగ్గు విడిగా ఉన్నప్పుడు ట్రెయిలర్ వైపు పరీక్షించడానికి అందరికీ అందుబాటులో ఉన్న సాధనం ట్రెయిలర్ మీదే ఉంటుంది. కొక్కెం ఊడితే బ్రేకులు వేయడానికి ఉంచిన చిన్న బ్యాటరీ, దాని పిన్ను అవి. పిన్ను లాగగానే ఆ బ్యాటరీ నుంచి విద్యుత్తు అదే నీలి తీగ గుండా అయస్కాంతాలకు పోతుంది. ఏడు పిన్నుల ప్లగ్గును తప్పనిసరిగా ఊడదీసిన తరువాతే ఈ పరీక్ష చేయాలి. లేకుంటే ఆ విద్యుత్తు వెనుకకు ప్రవహించి కంట్రోలర్‌ను దెబ్బతీయవచ్చు. పిన్ను లాగి, అడ్డుదిమ్మెలు తీసి, పికప్‌ను అడుగు దూరం కదిలిస్తే ట్రెయిలర్ చక్రాలు బిగుసుకోవాలి. బిగుసుకుంటే ట్రెయిలర్ వైపు ప్రధాన దారి బాగుందని, లోపం పికప్ వైపు ఉందని తేలుతుంది. బిగుసుకోకపోతే బ్రేకులను నిందించే ముందు ఆ చిన్న బ్యాటరీని భారం మీద కొలవాలి. నెలల తరబడి షెడ్డులో నిలిచిన ట్రెయిలర్‌లో అది చచ్చిపోయి ఉండడం సర్వసాధారణం. ఊడిన ట్రెయిలర్‌ను ఆపవలసిన ఏకైక సాధనం అదే అయినందున, ఇది చిన్న లోపమేమీ కాదు.

అనుమానం తీరకపోతే వేరొక మంచి బ్యాటరీ తెచ్చి, 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా ట్రెయిలర్ ప్లగ్గులోని బ్రేకు పిన్నుకు, తిరుగు పిన్నుకు కలిపి క్లాంప్ మీటరుతో ప్రవాహం కొలవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎలక్ట్రీషియన్ల చేతిలో మామూలుగా కనిపించే క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏకాంతర విద్యుత్తును మాత్రమే కొలుస్తాయి. బ్యాటరీ విద్యుత్తు ఏకముఖమైనది కాబట్టి ఆ మీటరు సున్నా చూపుతుంది. చూసినవారు తీగ తెగిందని పొరబడతారు. ఏకముఖ విద్యుత్తును కొలవగల క్లాంప్ మీటరే కావాలి.

ఆ అంకె చాలా చెబుతుంది. నాలుగు బ్రేకుల ట్రెయిలర్‌లో 12 దరిదాపుల్లో ఉంటే విద్యుత్తు విషయం ముగిసింది. మిగిలింది యాంత్రిక లోపమే. 9 వస్తే ఒక అయస్కాంతం, 6 వస్తే రెండు, తరచుగా ఒకే ఇరుసు మీదివి రెండూ, దారి తప్పాయి. సున్నా అయితే ప్రధాన తీగో, తిరుగు తీగో తెగింది. 7, 8 వద్ద స్థిరంగా నిలిస్తే జాయింటు నిరోధాన్ని అనుమానించాలి. తీగ పొడవునా ఒక్కొక్క జాయింటుకు అటూ ఇటూ మల్టీమీటరు సూదులు పెట్టి, ప్రవాహం నడుస్తుండగానే పతనం చూస్తే దొంగ దొరుకుతుంది. 12 కంటె చాలా ఎక్కువ వచ్చినా, ఫ్యూజు పోయినా ఎక్కడో తీగ చట్రానికి తాకుతోంది. దానికి పేరుపొందిన చోటు ఇరుసు గొట్టం లోపలి భాగం. ఒక వైపు బ్రేకు నుంచి మరో వైపుకు తీగను ఆ గొట్టంలో నుంచి లాగుతారు. ప్రయాణపు కుదుపులకు తీగ లోపలి అంచులకు రాసుకుని పైతొడుగు అరిగిపోతుంది. బయటి నుంచి ఏమీ కనబడదు. గొట్టంలోని తీగను వదిలివేసి, ఇరుసు వెలుపల తొడుగుతో కొత్త తీగ వేయడం నిలకడైన పరిష్కారం.

పికప్ వైపు పరీక్షకు 55 వాట్ల హెడ్‌లైటు బల్బు చక్కని భారం. సాకెట్టులోని బ్రేకు, తిరుగు పిన్నులకు దానిని కలిపి, లోపల మీట పూర్తిగా నొక్కితే అది నిండుగా వెలగాలి. అది తీసుకునే 4.6 ఆంపియర్లు లోపాన్ని బయటపెట్టడానికి చాలు. వాహనంతో పాటే వచ్చే కొన్ని ఆధునిక కంట్రోలర్లు మాత్రం అసలు ట్రెయిలర్‌ను గుర్తిస్తే తప్ప విద్యుత్తు పంపవు. పైగా ఈ పరికరాలు విద్యుత్తును తెరలు తెరలుగా తెంపి పంపుతాయి కనుక సగం బలం వద్ద మామూలు మల్టీమీటరు చూపే అంకెకు పెద్ద అర్థం ఉండదు. పూర్తి బలం వద్దే కొలవాలి.

తెల్ల తీగ

విద్యుత్ లోపాలలో అన్నిటికంటె ఎక్కువగా తిప్పలు పెట్టేది తిరుగు దారి. నీలి తీగను అందరూ చూస్తారు, తెల్ల తీగను ఎవరూ పట్టించుకోరు. అది తెగినా బ్రేకు పూర్తిగా ఆగిపోదు. కొక్కెపు గుండు, దాని గిన్నె లోహాలే కాబట్టి విద్యుత్తు వాటి గుండా పికప్‌కు తిరిగి చేరుతుంది. నిలిచి ఉన్నప్పుడు అన్నీ సవ్యంగా కనిపిస్తాయి. గతుకుల రోడ్డులో గుండు ఎగిరినప్పుడల్లా, లేదా గుండుకు కొత్తగా గ్రీజు పూసినప్పుడల్లా బ్రేకు పడుతూ లేస్తూ ఉంటుంది. మరికొన్నిసార్లు విద్యుత్తు దీపాల దారి వెదుక్కుంటుంది: బ్రేకు తొక్కితే ట్రెయిలర్ దీపాలు మసకబారుతాయి, లేదా మలుపు దీపంతో పాటు బ్రేకు కూడా లయగా కొట్టుకుంటుంది. ఈ వింత లక్షణాలు వినగానే తెల్ల తీగ దగ్గరికి పోవడం సమయాన్ని ఆదా చేస్తుంది.

గుర్రపు ట్రెయిలర్‌లో ఈ తీగ త్వరగా పాడవడానికి ప్రత్యేక కారణం ఉంది. మూత్రం నేల పలకల సందుల నుంచి చట్రం మీదికి కారుతుంది. తిరుగు తీగను బోల్టుతో బిగించేది ఆ చట్రానికే. తేమ, లవణాలు, రాగి, ఇనుము లేదా అల్యూమినియం ఒకచోట చేరితే లోహం తినివేయబడక మానదు. పైకి బోల్టు గట్టిగానే ఉంటుంది, లోపల తెల్లని, ఆకుపచ్చని పొడి ఉంటుంది. విప్పి, మెరిసేదాకా గీకి, జిగురు ఉన్న కుంచించుకునే తొడుగు వేసి, వీలైతే తెల్ల తీగను చట్రం మీద ఆధారపడకుండా ఒక్కొక్క బ్రేకు దాకా విడిగా నడపడం మేలు. రెండు తీగలను మెలితిప్పి టేపు చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు.

విద్యుత్తు చాలినా పట్టు చాలకపోతే

ప్రవాహం 12 ఆంపియర్లు ఉండి కూడా ట్రెయిలర్ తోస్తుంటే డ్రమ్ము విప్పవలసిందే. విప్పే ముందు ఏ చక్రం అన్నది తెలుసుకోవచ్చు. ఖాళీ రోడ్డులో నాలుగైదు సార్లు మీటతో ఆపి, వెంటనే దూరం నుంచి వేడి కొలిచే థర్మామీటరుతో ఒక్కొక్క డ్రమ్మును చూడాలి. మూడు వేడిగా, ఒకటి చల్లగా ఉంటే ఆ నాలుగోది పనిచేయడం లేదు. బ్రేకు వేయకుండానే ఒకటి కాలిపోతుంటే షూ అంటుకుపోయిందో, బేరింగు పాడయిందో అనుకోవాలి. ఈ రెండోది బ్రేకు లోపం కంటె తొందరపెట్టే విషయం.

లోపల సాధారణంగా కనిపించేవి మూడు. షూలకు, డ్రమ్ముకు మధ్య ఎడం పెరిగిపోవడం మొదటిది. తనంతట తాను సర్దుకోని బ్రేకులలో పళ్ల చక్రాన్ని తిప్పి, చక్రం బాగా బిగుసుకునేదాకా షూలను విస్తరింపజేసి, మళ్లీ చక్రం స్వేచ్ఛగా, కొద్దిపాటి రాపిడి శబ్దంతో తిరిగేదాకా వదులు చేయాలి. కొత్త బ్రేకులకు మొదటి 200 మైళ్ల తరువాత, ఆపైన ప్రతి 3,000 మైళ్లకు ఈ సర్దుబాటు చేయాలన్నది తయారీదారుల సూచన. రెండవది గ్రీజు. హబ్బు చివరి రంధ్రం నుంచి గ్రీజు గన్నుతో నింపే ఏర్పాటు ఉన్న ఇరుసులలో, ఉత్సాహం కొద్దీ కొట్టిన గ్రీజు లోపలి సీలును దాటి షూల మీద, అయస్కాంతం మీద పేరుకుంటుంది. గ్రీజు పీల్చుకున్న లైనింగును కడిగి వాడలేము. ఆ ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి మార్చాలి, ఒక వైపే మారిస్తే ట్రెయిలర్ పక్కకు లాగుతుంది. మూడవది అయస్కాంతపు అరుగుదల. దాని ముఖం సమంగా అరగాలి. ఒక అంచే అరిగితే లివరు వంగిందో, దాని బుషింగు వదులైందో తెలుస్తుంది. రాగి చుట్లు కనిపిస్తే దాని ఆయువు తీరినట్లే.

విడిగా తీసిన అయస్కాంతాన్ని ఓము మీటరుతో కొలిచేటప్పుడు ముందుగా మీటరు సూదులు రెండింటినీ కలిపి వచ్చే 0.2, 0.3 ఓమును తీసివేయడం మరవరాదు, 3.2 ఓముల కొలతలో అది దాదాపు పదో వంతు. తీగకు, అయస్కాంతపు లోహ దేహానికి మధ్య కొలిచినప్పుడు ఎటువంటి సంబంధమూ కనిపించకూడదు. తిరిగి బిగించేటప్పుడు పొట్టి లైనింగు ఉన్న షూ ముందు వైపుకు రావాలి. ఎడమ, కుడి బ్రేకులు అద్దంలో ప్రతిబింబాల వంటివి, ఒకదాని స్థానంలో మరొకటి పనిచేయదు.

మరీ గట్టిగా పట్టే బ్రేకు

బ్రేకు పట్టకపోవడం డ్రైవరుకు తెలుస్తుంది. మరీ పట్టడం గుర్రానికి తెలుస్తుంది. గుర్రం నిలబడినప్పుడు దాని బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. ముందుకు ముఖం పెట్టి నిలిచిన గుర్రం, ఏ హెచ్చరికా లేకుండా పడిన బ్రేకుకు ఛాతీ కడ్డీ మీదికి తూలుతుంది. డ్రైవరు ముందున్న ఎర్ర దీపాన్ని చూసి సిద్ధమవుతాడు. గుర్రానికి కనిపించేది ఎదురుగా ఉన్న గోడ మాత్రమే. కాళ్లు జారి తడబడిన గుర్రం మోకాళ్లు, గిట్టల అంచులు గాయపరచుకుంటుంది. ఆ తరువాత ట్రెయిలర్ ఎక్కనని మొండికేసే గుర్రాన్ని ‘పొగరుబోతు’ అనడం చాలాచోట్ల వినిపిస్తుంది. శిక్షకుడి కర్ర తీసే ముందు కంట్రోలర్ అమరిక చూడడం న్యాయం.

కంట్రోలర్లు ప్రధానంగా రెండు తరగతులు. కాలాన్ని బట్టి పనిచేసేది పెడల్ ఎంత తొక్కారన్నది పట్టించుకోదు. ముందుగా పెట్టిన వ్యవధిలో ముందుగా పెట్టిన బలానికి చేరుతుంది. జడత్వాన్ని బట్టి పనిచేసేది పికప్ ఎంత గట్టిగా వేగం తగ్గుతోందో కొలిచి, దానికి తగిన నిష్పత్తిలో ట్రెయిలర్‌కు విద్యుత్తు పంపుతుంది. గుర్రాలను తరలించేవారికి రెండోదే తగినది. పాత తరహా లోలకపు పరికరం బిగింపు వంగితే మాత్రం అది ఎప్పుడూ వాలు దిగుతున్నట్లు, లేదా ఎక్కుతున్నట్లు భ్రమపడుతుంది. ఊరికే గుంజే బ్రేకు, లేక ఆలస్యంగా పట్టే బ్రేకు ఎదురైతే దాని బిగింపు కోణం చూడాలి.

గెయిన్ అమరికకు ప్రామాణిక పద్ధతి ఉంది. పొడిగా, చదునుగా ఉన్న చోట గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మీట పూర్తిగా నొక్కి, చక్రాలు జారడం మొదలయ్యే స్థాయికి కొంచెం కిందగా బలాన్ని నిలపాలి. చిక్కు ఏమిటంటే, ఖాళీ ట్రెయిలర్‌కు సరిపడిన అమరిక గుర్రాలు ఎక్కాక బలహీనంగా ఉంటుంది. గుర్రాలు ఎక్కాక చక్రాలు జారేదాకా పరీక్షించడం క్రూరత్వం. రెండు గుర్రాల బరువుకు సమానంగా 50 పౌండ్ల దాణా బస్తాలు 44 వరకు వేసి అమరిక చూసుకోవడం శ్రమే, కానీ ఒక్కసారి చేసి ఆ అంకెను రాసి పెట్టుకుంటే చాలు. బస్తాల బరువు నేలకు దగ్గరగా, గుర్రం బరువు ఎత్తులో ఉంటుంది గనుక గుర్రాలతో మొదటి ప్రయాణంలో ఆ అంకె కంటె ఒక మెట్టు కిందనే మొదలుపెట్టడం వివేకం. వారాల తరబడి వానలో నిలిచిన ట్రెయిలర్ మొదటి రెండు మూడు బ్రేకులకు అతిగా గుంజుతుంది. డ్రమ్ము ముఖం మీద పట్టిన తుప్పు అందుకు కారణం. దానిని చూసి గెయిన్ తగ్గిస్తే, తుప్పు రాలిపోయిన తరువాత అసలైన వాలులో బ్రేకు చాలదు. ఖాళీగా కొంత దూరం నడిపి, బ్రేకులు నున్నబడ్డాకే అమరికను ముట్టుకోవాలి.

విస్తరణ సిబ్బందికి

బాపట్లలోనో, మడకశిరలోనో వ్యవసాయ ఇంజినీరింగ్ చదివే విద్యార్థికి గుర్రపు ట్రెయిలర్ తారసపడే అవకాశం తక్కువ. ట్రాక్టరు తొట్టె మాత్రం ప్రతిరోజూ ఎదురవుతుంది. వాటిలో చాలావాటికి సొంత బ్రేకులే లేవు. ధాన్యమో చెరకో నిండుగా వేసుకుని వంతెన దిగే తొట్టె వెనుక నుంచి ట్రాక్టరును తోసే తీరు, పైన చెప్పిన 89 మీటర్ల లెక్కకు కళ్లెదుటి ఉదాహరణ. ప్రయోగశాలలో ఒక అయస్కాంతం, 12 వోల్టుల బ్యాటరీ, మధ్యలో 1 ఓము నిరోధం పెట్టి భారంతో, భారం లేకుండా వోల్టేజిని కొలిపిస్తే అరగంటలో విద్యార్థికి ఈ వ్యాసంలోని అసలు విషయం చేతికి తెలుస్తుంది. ఒకే అయస్కాంతంతో 12.6 వోల్టుల నుంచి కాయిల్‌కు చేరేది 9.6, నాలుగింటితో 5.6. జాయింటు అదే, నిరోధం అదే. రెండు బ్రేకుల పాత ట్రెయిలర్‌లో సర్దుకుపోయిన జాయింటు, నాలుగు బ్రేకుల కొత్త ట్రెయిలర్ తగిలించగానే ఎందుకు మొరాయిస్తుందో దీనివల్ల బోధపడుతుంది.

అమెరికాలోని జాగ్రత్తపరులైన యజమానులు ట్రెయిలర్ సామాను గది తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంచుతారు. తనిఖీ తేదీ, నాలుగు బ్రేకుల మొత్తం ప్రవాహం, చిన్న బ్యాటరీ వోల్టేజి, ఖాళీగా ఒక గెయిన్ అంకె, గుర్రాలతో మరొక అంకె. గత ఏడాది 12 ఉన్న చోట ఈ ఏడాది 10.5 కనిపిస్తే, ట్రెయిలర్ ఇంకా తోయడం మొదలుపెట్టకముందే చిలుము పట్టిన జాయింటు కోసం వెదకవచ్చు. బయలుదేరే రోజున గుర్రాలు ఎక్కకముందు ఆవరణలోనే, మనిషి నడిచేంత వేగంతో పోతూ మీటను ఒకసారి నొక్కి, ట్రెయిలర్ పికప్‌ను వెనుకకు పట్టి లాగుతోందా లేదా చూస్తారు. లాగితే తలుపు తెరిచి మొదటి గుర్రాన్ని ఎక్కిస్తారు. గుర్రం ఒక్కటే ఉంటే దానిని ఎడమ గదిలోనే నిలుపుతారు. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, రోడ్డు అంచు కుడికి వాలి ఉంటుంది. బరువు ఎడమన ఉంటే ట్రెయిలర్ ఆ వాలులోకి ఒరగదు, నాలుగు బ్రేకులపైనా భారం కొంత సమంగా పడుతుంది.